గుడ్డ ఏది?

ఇంకా ఒకటే టిక్కు. మధ్యాహ్నం జుహర్ నమాజు చదువుకుని మంచం వాకిట్లోకి ఈడ్చుకొచ్చినప్పుడూ ఒకటే, నీడ జరిగిందని మంచాన్ని కూడా జరుపుకున్నప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే. ఫోను వేడెక్కింది. అద్దం మీద నా వేళ్ళ జిడ్డు, కొంగుతో తుడిస్తే పోదు, పరుచుకుంటుంది. కరెంటు లేదు. రోడ్డు మీద పామాయిలు గెలల ట్రాక్టరు గతుకులో ఎగిరి కాసిని కాయలు రాల్చింది, వెనకే వచ్చిన మోటారు సైకిలు వాటిని చితక్కొట్టి పోయింది, నారింజ రంగు గుజ్జు తారుకు అంటుకుని ఎండకు మాగుతుంది. తీపి వాసన, పాచి వాసన, చెడిపోయిన నెయ్యి వాసన. అశ్వారావుపేటలో అందరికీ అలవాటైంది, నాకు కాలేదు, నాకు ఏదీ అలవాటు కాదు. ఈగ ఒకటి ఆ గుజ్జు మీద వాలి, అక్కడి నుంచి నేరుగా వచ్చి నా టీ గ్లాసు అంచు మీద వాలింది. ఛీ. నేను పంపింది రెండే మాటలు. గుడ్డ ఏది? ప్రశ్న గుర్తు ఎక్కడుందో వెతుక్కుని మరీ పెట్టాను, అది లేకపోతే తిట్టినట్టు ఉంటుందని. పెట్టాక చూస్తే ఇంకా తిట్టినట్టే ఉంది. రెండో టిక్కు పడితే అందినట్టు, అందితే జవాబు వస్తుంది, ఆ జవాబు ఏమని వస్తుందో తలుచుకుంటే ఈ ఒక్క టిక్కే నయమనిపిస్తుంది, మళ్ళీ అంతలోనే రెండోది పడిందేమో అని అద్దం తుడిచి చూస్తాను.

అక్కడ ఇంకా పొద్దున్నే. మనకు మధ్యాహ్నం అన్నాలయ్యే వేళకు వాళ్ళు సైకిళ్ళకు గాలి చూసుకుంటుంటారట, షబ్రీన్ చెప్పింది. నా కూతురు, నలభై దాటిన మనిషి, మణుగూరులో ఆడపిల్లల గురుకులంలో ఆటల టీచరు, ఆమె విజిల్ ఊదితే పిల్లలు వరసలో నిలబడతారు, అలాంటి మనిషి వేసవి సెలవులు ఇవ్వగానే మొరాకో అనే దేశంలో పల్లెల వెంట సైకిలు తొక్కడానికి పోయింది. హజ్‌కు కాదు, ఉమ్రాకు కాదు, పని మీద కాదు. తొక్కడానికి. హైదరాబాదు సైకిలు క్లబ్బు వాళ్ళతో, డబ్బులు కట్టి మరీ. ఆ గుంపుకు పెద్ద రవికుమార్ అట, అతను పెట్టే వీడియోలు చూస్తాను, చూడకుండా ఉండలేను, చూస్తే అసహ్యం. తొడలకు అతుక్కున్న నల్ల నిక్కర్లు, మోచేతుల నుంచి కారే చెమట, దాని మీద సంగీతం. మనిషి ఆయాసపడుతుంటే సంగీతం ఎందుకు. ఎర్ర మట్టి గోడల ఊళ్ళు, ఎండిన వాగు, వాగు వెంట సన్నగా పచ్చటి పొలం, గాడిద మీద గడ్డి మోపు, గాడిద వెనక ఇంకో మోపు, ఆ మోపు కింద చూస్తే ఆడమనిషి. కుక్కలు తరుముతాయి, పిల్లలు కేకలేస్తూ వెంటపడతారు. ఆ తర్వాత చిన్న టౌను, ఒకే రోడ్డు, రెండు పక్కలా టీ దుకాణాలు, కుర్చీలన్నీ రోడ్డు వైపుకే తిరిగి ఉంటాయి, అన్నిట్లో మగవాళ్ళే, సైకిలు మీద పోయే ఆడదాన్ని తల తిప్పి తిప్పి చూస్తారు. దానికి అంత దూరం పోవాలా, మా సెంటర్లో నిలబడితే కనపడదా. మొన్న నత్తలు తింది. బండి మీద పెద్ద గిన్నెలో ఉడికే నత్తలు, గుల్లలోంచి పుల్లతో లాగి నోట్లో వేసుకుంటూ కెమెరాకు చూపించింది. ‘ఇక్కడ మన ముసల్మానులే తింటరు అమ్మీ, జీలకర్ర చారు లెక్క ఉంది’ అంది. నేను ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వానాకాలంలో మా స్నానాల గది గోడకు పాకే వాటిని ఉప్పు చల్లి చంపే పిల్ల అది.

నత్తలు తింటే తిననీ. గుడ్డ ఏది?

ఇమామ్ జామిన్ అంటాం మేము. ప్రయాణం పోయేవాళ్ళ కుడి దండచేతికి ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి కడతాం. చేరాల్సిన చోటికి క్షేమంగా చేరాక విప్పి ఆ బిళ్ళ పేదవాళ్ళ చేతిలో పెట్టాలి. అందరిళ్ళలో పద్ధతి అది. మా ఇంట్లో కాదు. మా ఇంట్లో నేను మార్చాను. ఎక్కడికి పోయినా, ఎక్కడ చేరినా విప్పకూడదు, తిరిగి నా గడపలోకి వచ్చాక నేనే విప్పుతాను, గోళ్ళతో, రాకపోతే పళ్ళతో, కత్తెర మాత్రం పెట్టను. షబ్రీన్ కాలేజీకి పోయినప్పుడూ అంతే, పోటీలకు పోయినప్పుడూ అంతే, మణుగూరు ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి సెలవు దాకా అది చేతికే ఉండింది, తోటి టీచర్లు నవ్వారట. నవ్వనీ. ఈసారి విమానాశ్రయంలో యంత్రం కూసిందట, విప్పమన్నారట, ‘మా అమ్మీ చంపుద్ది సార్’ అంటే వాళ్ళూ నవ్వి వదిలేశారట. రోజూ వచ్చే ఫోటోల్లో నేను కొండలు చూడను, కోటలు చూడను, చొక్కా చేతి కింద ఆ ఆకుపచ్చ అంచు చూస్తాను. ఉంది, ఇవాళా ఉంది, పడుకోవచ్చు. నిన్న సాయంత్రం వచ్చిన ఫోటోలో లేదు. ఎండకు నల్లబడిన చెయ్యి, గుడ్డ ఉండాల్సిన చోట తెల్లటి పట్టీ, గాజు తీసేసిన మణికట్టు మీద ఉంటుందే అలాంటి మచ్చ. పక్కన ఒక మగమనిషి, మీసాలు, తెల్ల టోపీ, నా కూతురి సైకిలు హ్యాండిలు పట్టుకుని సొంత సైకిలులా నిలబడి నవ్వుతున్నాడు. ఇదీ నవ్వుతుంది. వెనక నీలం తలుపు. అంతే, ఆ తర్వాత ఒక్క మాట లేదు.

హఫీజ్ కూడా ఆ ఫోటోనే చూశాడు. నా మరిది, సీటు కవర్ల దుకాణం, కరెంటు పోతే మిషను ఆగుతుంది, మిషను ఆగితే నా అరుగు గుర్తొస్తుంది. బుగ్గలో గుట్కా పెట్టుకుని, నా ఫోను లాక్కుని, ఎర్రబడిన వేళ్ళతో అద్దాన్ని సాగదీసి చూశాడు.

‘ఎవలు భాబీ ఈయన? మంచిగనే ఉన్నడు.’

‘ఎవరో.’

‘మన దీన్ల మనిషే, ముసల్మానే. నడువు, అల్లుడు దొరికిండు, శాదీ ఖర్చు తప్పింది నీకు.’

‘నోట్లది ఉమ్మేసి మాట్లాడు హఫీజ్. నా గోడ మీద గాదు, అవతల.’

ఉమ్మాడు, గోడ మీద కాదు, గోడ మొదట్లో. ‘అరే, నవ్వుతాంటె గట్ల చూస్తవేంది? మా అన్న రక్తం అది. మా ఇంట్ల సైకిల్ ఎక్కినోళ్ళు జల్దీ దిగరు. ఆడనే ఉంటదేమో, ఎవలకెరుక.’

అని నవ్వుకుంటూ లేచిపోయాడు. మనిషి పోయాడు, ఎర్రటి మరక ఉంది, అంచులు ఎండుతున్నాయి, ఇందాకటి ఈగ ఇప్పుడు దాని మీద ఉంది. అన్న రక్తం. ఎంత తేలిగ్గా అన్నాడు, కవరు కుట్టి దారం కొరికినట్టు.

ఆయన పేరు మక్సూద్. ఆయనా తొక్కాడు, ఆయనకు సంగీతం లేదు. అట్లాస్ కొండల్లో ఉన్నాం అని షబ్రీన్ అంటే నాకు నవ్వొచ్చింది, నాకు తెలిసిన అట్లాస్ ఆయన నల్ల సైకిలే. వెనక క్యారియరు మీద మూట, ముందు హ్యాండిలుకు రెండు సంచులు, తండాల వెంట, అడవి పల్లెల వెంట తిరిగేవాడు. లంబాడీ ఆడవాళ్ళు బట్టల మీద కుట్టుకునే అద్దం బిళ్ళలు, గవ్వలు, రంగు ఊలు దారాలు, పూసలు. చండ్రుగొండ అవతల దాకా, ఒక్కోసారి గోదావరి దాటి. వచ్చాక ఆయన చొక్కా నేను కట్టెతో ఎత్తి బకెట్లో వేసేదాన్ని, అంత కంపు. చెమట, గ్రీజు, బీడీ, ఎవరింటి ముందో తాగిన మజ్జిగ. ఆ కంపు పీల్చి పీల్చి సైకిలు బెల్లు వినపడితే నా ముక్కే ముందు మూసుకునేది, ఆ తర్వాత నేను లేచి నీళ్ళు పెట్టేదాన్ని. అద్దాలు పగలకుండా పాత పేపర్లలో చుట్టి వచ్చేవి. నాకు తెలుగు నేర్పింది ఆ పేపర్లే. ఇంట్లో మాది ఉర్దూ, అది మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు, బడికి నన్ను పంపలేదు. మూట విప్పి అద్దాలు ఒక పక్క, పేపర్లు ఒక పక్క పెట్టి, పక్కింటి పుల్లమ్మ పెద్ద కొడుకు పలకలో అక్షరాలతో పోల్చుకుంటూ చదివాను. ఏ కాగితమూ నిండుగా ఉండేది కాదు. నడిమధ్యలో జిగురు, అద్దం అంటుకున్న చోట గుండ్రంగా చిరుగు, మిగిలేది అంచులే. వరస మొదలుంటే చివర ఉండదు, చివర ఉంటే మొదలుండదు. పెళ్ళి ఎవరికో తెలిసేది, జరిగిందో లేదో తెలిసేది కాదు. ఇప్పుడు గ్రంథాలయం నుంచి అట్టలున్న పుస్తకాలు తెచ్చుకుంటాను, చివరి పేజీ ముందే ఉందో లేదో చూసుకుని తెచ్చుకుంటాను.

ఆ చివరిసారి ఆయన దూరం పోతున్నా అన్నాడు. గోదావరి అవతల కొంట దిక్కు, కొత్త ఊళ్ళు, పది రోజులు పట్టొచ్చు అన్నాడు. ఎప్పుడూ కట్టనిదాన్ని ఆ రోజు కట్టాను. వాయిలు దుపట్టా చింపి, బిళ్ళ పెట్టి, చేయి ఎత్తమని, అప్పటికే చంకలో చెమట, ఊపిరి బిగబట్టి కట్టాను. షబ్రీన్ అప్పుడు పాకే పిల్ల, ఆ పేపర్ల మీదే పాకి ఒకటి నోట్లో పెట్టుకుంది, దాని నోట్లో వేలు పెట్టి తీసి వెనక్కి తిరిగేసరికి సైకిలు మలుపు తిరిగింది. పది రోజులు కాదు, నెల అయింది. అప్పుడొచ్చింది గోరి. చండ్రుగొండ అవతల తండా మనిషి, ఆయన దగ్గర అద్దాలు కొనేది, మోచేతుల దాకా గాజులు, సంతకు వచ్చి మా ఇల్లు అడిగి తెలుసుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి నీళ్ళు తాగి చెప్పింది.

‘బూబమ్మా, నీ మొగుడు సావలే. ఏడ్వకు. భద్రాచలంల ఉన్నడు. మెస్సు నడిపే ఆమె ఇంట్ల ఉన్నడు.’

నేను ఏడవడం లేదు అప్పటికి.

‘పోయేటప్పుడు మా తండాకొచ్చిండు. చెయ్యికి గుడ్డ చూసి ఏంది భాయ్ గది అంటె, ఇల్లు చేరినంక ఇప్పుతరు అని చెప్పిండు. నిన్న భద్రాచలంల కనవడ్డడు. చెయ్యికి లేదు. గుడ్డ ఏది భాయ్ అన్న. నవ్విండు. ఇల్లు చేరిన గద అన్నడు.’

ఇల్లు చేరిన గద. గోరి ఆ మాట ఆయన గొంతుతోనే అంది, పాపం, మరో రకంగా చెప్పడం ఆమెకు రాదు. బిళ్ళ ఎవరికిచ్చాడో. ఏ గుడి మెట్ల మీద ఏ ముసలామె చేతిలో వేశాడో, పద్ధతి ప్రకారమే చేసి ఉంటాడు, పద్ధతిలో ఆయనను తప్పు పట్టడానికి లేదు. అదే నాకు వాంతి తెప్పించింది. చచ్చిపోయినవాళ్ళ కోసం ఏడవడానికి ఇంటి నిండా మనుషులొస్తారు. ఇల్లు చేరినవాడి కోసం ఎవరొస్తారు? ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆయన నిజంగానే పోయాడని హఫీజ్ వచ్చి చెబితే నేను చింతపండు పిసుకుతున్నాను, పిసుకుతూనే ఉన్నాను.

సాగనంపడమంటేనే నాకు రోత. మధిర స్టేషనులో నా పెళ్ళయిన మర్నాడు మా అమ్మ కిటికీ పట్టుకుని రైలుతో పాటు నడిచింది, నడక పరుగైంది, ఆమె నోట్లో పాన్ ఎరుపు గడ్డం మీదికి కారుతుంది, తుడుచుకోదు, చెయ్యి వదలదు, ఎవరో పోలీసు ఆమెను వెనక్కి లాగాడు. మా అమ్మ మొహం తలుచుకుంటే అదే వస్తుంది, ఆ కారే ఎరుపు, ఇంకే మొహమూ రాదు. ఇప్పుడు బస్టాండుల్లో జనం సాగనంపడాన్ని కూడా వీడియో తీసుకుంటారు, ఏడుపు సరిగా రాలేదని మళ్ళీ ఏడుస్తారు, ఒకామె అలా చేయడం నా కళ్ళతో చూశాను. షబ్రీన్ పోయేరోజు ఆ సైకిలును ముక్కలుగా విప్పి అట్టపెట్టెలో పెట్టింది. చక్రాలు ఒక పక్క, హ్యాండిలు ఒక పక్క, శవాన్ని మడిచినట్టు. ‘చెయ్యి ఇవ్వు’ అన్నాను. ఇచ్చింది. కట్టాను. ‘విప్పొద్దు’ అన్నాను. ‘ఎన్నిసార్లు చెప్తవ్ అమ్మీ, విప్ప’ అంది. పెట్టెను ఆటోలో ఎక్కించింది. నేను లోపలికొచ్చి బియ్యంలో రాళ్ళు ఏరాను. ఇప్పటి బియ్యంలో రాళ్ళెక్కడివి.

పుల్లమ్మ వచ్చింది, చేటలో ఎండు మిరపకాయలు, తొడిమలు తీస్తూ మంచం కోడు పక్కన చతికిలబడింది. ఘాటుకు తుమ్మాను.

‘ఏందొదినా, పొద్దటి సంది ఆ ఫోన్‌నే సంకన పెట్టుకున్నవ్. పిల్ల మాట్లాడలేదా?’

‘ఒకటే టిక్కు.’

‘ఓసి, గంతేనా. నా కోడలికి పెట్టినా ఒకటే పడతది. అది ఏ దేశం బోలె, నడిమింట్ల ఉంటది.’

నవ్వాలి. పుల్లమ్మ నవ్వించాలనే అంది. నోరు సాగింది కానీ నవ్వు రాలేదు. ఆమె చూసింది, మళ్ళీ తొడిమలు తీస్తుంది, టిక్, టిక్, మిరప తొడిమ విరిగినప్పుడల్లా ఫోనేమో అని చూస్తాను. లోయలో పడిందా? రవికుమార్ వీడియోలో ఆ రోడ్డుకు అంచు గోడ లేదు, అవతల అంతా గాలి. లోయలో పడి ఉంటే ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ఎవరూ చేయలేదు. అంటే పడలేదు. పడలేదంటే చేరింది. నీలం తలుపు ఇంట్లో చేరింది. చేరినవాళ్ళు నవ్వుతారు. యా అల్లా, నేనేం కోరుకుంటున్నాను, లోయనా. ఛీ, నా మీద నాకే ఈ ఈగలు వాలినట్టుంది. నలభై ఏళ్ళ మనిషి, ఎక్కడుంటే ఏమి, ఎవరితో ఉంటే ఏమి, బతికుంటే చాలదా? చాలదు. చాలదు అని నా కడుపు చెబుతుంది, నోరు ఎవరి ముందూ చెప్పదు. నాకు అది నా గడపలోకి రావాలి. వచ్చి, చెయ్యి చాచి, విప్పు అమ్మీ దురద పెడుతుంది అనాలి. ఆ తర్వాత ఎక్కడికైనా పోనీ.

ఫోటో మళ్ళీ తెరిచాను. ఆ మీసాలను మళ్ళీ చూశాను, పళ్ళ మధ్య సందు, టోపీ కింద చెమట. ఆ చెయ్యి మీద తెల్ల పట్టీ. ఆ రెంటినే నిన్నటి నుంచి చూస్తున్నాను, నడిమధ్యలో ఉన్నవాటిని, చిరుగు ఉన్న చోటును. అంచులు చదివి నేర్చుకున్నదాన్ని అంచులు చూడలేదు. రెండు వేళ్ళు పెట్టి సాగదీశాను, మనుషులిద్దరూ పక్కకు జరిగి పోయారు. ఎర్ర గోడ. గోడకు మేకు. మేకు నుంచి తాడు. తాడు మీద చిన్నపిల్ల లాగు, మగవాడి మేజోళ్ళు, చారల తువ్వాలు, తువ్వాలు పక్కన పొడుగ్గా, సన్నగా, తడికి మెలితిరిగి వేలాడుతూ ఒక ఆకుపచ్చ పేలిక. గుమ్మంలో సగం తలుపు చాటున ఒక ముసలామె, మోచేతుల దాకా తడి, ఎవరివైపూ చూడటం లేదు, తాడు వైపు చూస్తుంది, కాకి ఎత్తుకుపోతుందేమో అన్నట్టు.

‘పుల్లమ్మా’ అన్నాను.

‘ఏంది?’

‘ఉతికింది.’

‘ఎవలు?’

చెప్పబోతుంటే ఫోను మోగింది. భయపడి పడేయబోయాను. బొమ్మ వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది, షబ్రీన్ మొహం, పెదవులు పగిలి, ముక్కు మీద తోలు లేచి, వికారంగా.

‘అమ్మీ! నిన్న ఫోటో పోంగనే సిగ్నల్ పోయింది, ఇప్పుడే కొండ దిగినం. గుడ్డ ఏది ఏంది? సలాం లేదు, దువా లేదు!’

‘చెయ్యి చూపించు.’

‘తిన్నవా?’

‘చెయ్యి.’

ఫోను తిప్పింది. రోడ్డు, చక్రం, ఎవరివో కాళ్ళు, తర్వాత చెయ్యి. ఉంది. తెల్ల పట్టీ మీదే ఉంది, వెలిసిపోయింది, ఆకుపచ్చ పోయి వాము నీళ్ళ రంగుకొచ్చింది. బిళ్ళ ఉన్న చోట ఎర్ర ఊలు దారం చుట్టి కుట్టి ఉంది.

‘ఏం కంపు కొట్టింది అమ్మీ అది, చెమటకు నానీ నానీ. ఆ ఇంటి ముసలామె ముక్కు మూసుకుంది. వద్దు వద్దంటె ఇనదు, నీ లెక్కనే, చెయ్యి గుంజి ఇప్పింది. బిళ్ళ చూసి ఏందని సైగ చేసింది. అమ్మీ కట్టింది అన్న. అర్థమైంది ఆమెకు. పొద్దున మళ్ళ ఆమెనే కట్టి, అప్పుడు పోనిచ్చింది బయటికి.’

‘ఆ మీసాలాయన?’

‘ఆమె కొడుకు. పంచర్ ఏసిండు.’

‘పంచరేస్తే అంత నవ్వాలా?’

అది పగలబడి నవ్వింది, పగిలిన పెదవి నొప్పి పుట్టి ‘అబ్బా’ అంది. పుల్లమ్మ నా భుజం మీదుగా తొంగి చూసి, ‘ఏమే, గిట్ల నల్లగైనవ్, మీ అమ్మ గుర్తుపట్టకపోతె ఎట్ల?’ అంది.

‘విప్పొద్దు’ అన్నాను నేను.

‘ఇప్పుదామన్నా రాదు. ఏం ముడో ఇది, చూడు.’

చూపించింది. రవికుమార్ కాబోలు, వెనక నుంచి ఎవరో పిలిచారు, బెల్లులు మోగాయి, ‘ఖుదా హాఫిజ్ అమ్మీ’ అంది, బొమ్మ పోయింది. అది పోయే ముందే, పుల్లమ్మ మనవరాలు నేర్పినట్టు ఫోనుకున్న రెండు మీటలు కలిపి నొక్కి ఆ బొమ్మ పట్టుకున్నాను. మసకగా వచ్చింది, అయినా చాలు. ఎవరి చేతులో నేను కట్టిన ముడి విప్పాయి, ఏ సబ్బుతో ఉతికిందో, మేజోళ్ళు ముంచిన నీళ్ళలోనే ముంచిందో ఏమో, ఆ మేజోళ్ళ పక్కనే ఆరేసింది. ఛీ. ముడి నాది కాదు. నాది రెండు చెవుల ముడి. ఇది ఒక కొస లోపలి నుంచి వచ్చి, ఇంకోదాని కిందుగా పోయి, మళ్ళీ పైకి రాకుండా ఎక్కడో దాక్కుంది. అది గడప దగ్గర నిలబడి చెయ్యి చాచినప్పుడు నేను దీన్ని ఎలా విప్పను? కత్తెర పెట్టను.

కొంగు అంచున ఎటూ చినుగు ఉంది. సన్నగా ఒక పేలిక చింపాను. ‘ఏం చేస్తున్నవ్ ఒదినా, మంచి చీర’ అంది పుల్లమ్మ. ఫోనును మోకాలికి ఆనించి పెట్టి, పేలికను మంచం కోడుకు చుట్టి, లోపలి నుంచి తీసి, కిందుగా పోనిచ్చాను. జారిపోయింది. మళ్ళీ కట్టాను. ఈసారి బిగిసింది, బిగిసి ఇక ఊడిరాలేదు, గోళ్ళకు రాలేదు, వంగి పళ్ళు పెడితే మంచం కోడు దుమ్ము, ఏళ్ళ నాటి చెమట, ఉప్పగా తగిలాయి. ఉమ్మేసి, మళ్ళీ వంగాను.